గొడ్ల చావిడి కార్ఖానా అయినపుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి సీమలో నేడు ఏ ఊరికి పోయినను ఒక మార్పు కండ్లబడును. ఒకప్పుడు ఎడ్లతోను, పాడిగేదెలతోను నిండియుండిన గొడ్ల చావిడిలో నేడు ట్రాక్టరు నిలిచియున్నది. కుడితి తొట్టి యున్నచోట కర్రబల్ల, దానిపై బెంచి వైసు వెలసినవి. పలుపు కట్టిన గుంజకు గ్రైండరు తీగ వ్రేలాడుచున్నది. పత్తిచేనికి మందు కొట్టు స్ప్రేయరు చెడినను, నాగలి కర్రు అరిగినను, ట్రాలీ తలుపు విరిగినను పట్టణమునకు పరుగెత్తక ఇంటనే బాగుచేసికొను యువకులు ఊరూర బయలుదేరినారు. వీరిలో కొందరు తమ పనిముట్లతోబాటు పొరుగువారివి కూడ బాగుచేసి నాలుగు రూకలు గడించుచున్నారు. వర్షములు మోసగించిన యేడు ఆ నాలుగు రూకలే ఇల్లు నిలుపును.

ఇది సంతోషింపదగిన మార్పే. కాని ఆ చావిడికి విద్యుత్తు ఏ దారిని వచ్చినదో చూచినచో సంతోషము సగమగును. చావిడిలోనికి పోయిన తీగ పూర్వము గొడ్లకు దీపము చూపుటకు పోయినదే. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించినది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ నెలకొన్నది. ఈ క్రమమున పల్లెలకు తీగలు వచ్చిన కాలమున ఇంటికి నాలుగు దీపములు, కలిగినవారికి ఒక పంకా, అంతటితో సరి. ఆనాటి తీగ ఆ లెక్కకే వేయబడినది. దీపము నలుబది వాట్లు, గాలి కంప్రెసరు రెండువేల వాట్లు. ఇంటి యజమాని మారకున్నను బరువు ఏబది రెట్లయినది. ఎడ్లబండి ఇరుసుపై లారీ సరకు వేసినట్లున్న ఈ స్థితిలో తీగ ఇంకను కాలిపోలేదనుట దాని మంచితనమే గాని ఏర్పాటులోని గొప్పతనము కాదు.

కావున కార్ఖానా పెట్టదలచినవారు మొదట కొనవలసినది తీగ కాదు, ఒక తెల్ల కాగితము. దానిపై చావిడి నేలపటము గీయవలెను. తలుపు, కిటికీ, బల్ల, ట్రాక్టరు నిలుచు చోటు, పత్తి నిలువచేయు గది ఎటున్నవో గుర్తింపవలెను. పిమ్మట నేడున్న యంత్రములను, మూడేండ్లలో కొనదలచినవానిని వ్రాసి, ఒక్కొక్కదాని ఎదుట దాని రేకుపై చెక్కియున్న వాట్లను గాని, అశ్వశక్తిని గాని వేయవలెను. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. అయితే అది మోటారు బయటికిచ్చు శక్తి. లోనికి తీసికొనునది అంతకంటె ఎక్కువ. రెండు అశ్వశక్తుల సింగిల్ ఫేజు కంప్రెసరు 230 వోల్టులవద్ద సుమారు 11 ఆంపియర్లు లాగును. చేతిగ్రైండరు 850 వాట్లదైనచో 4 ఆంపియర్లు. దీపములకు, పంకాకు ఒకటి.

ఇచ్చట చాలమంది పొరబడుచుందురు. జాబితాలోని వాట్లనన్నింటిని కూడి, ఆ మొత్తము చూచి బెదరి పని మానుకొనువారు కొందరు. కూడుటయే మాని ఉన్న తీగకే తగిలించువారు మరికొందరు. మనిషికున్నవి రెండు చేతులు. ఒక్కడు పనిచేయు కార్ఖానాలో డ్రిల్లు, గ్రైండరు, రంపము ఏకకాలమున తిరుగవు. తనంతట తాను తిరుగునది కంప్రెసరు ఒక్కటే. తొట్టిలో గాలి తగ్గినప్పుడెల్ల అది అడుగకుండనే లేచును. కావున కంప్రెసరును, చేతిలోని పనిముట్లలో పెద్దదానిని, దీపములను, పంకాను కలిపిన చాలును. పై లెక్కలో అది 16 ఆంపియర్లు. రేపటి కొత్త యంత్రమునకు కొంత విడిచి, 25 ఆంపియర్లకు ఏర్పాటు చేసికొన్నవాడు ఇరువది యేండ్లు నిశ్చింతగా నుండును. కొడుకో, పనివాడో రెండవ జత చేతులు వచ్చినపుడు మాత్రము లెక్క మరల వేయవలెను.

ఇక ఇంటి మీటరు నుండి చావిడికి పోవు తీగ. పల్లెటూరి దొడ్లు విశాలమైనవి. ఇంటికి, చావిడికి నడుమ 30 మీటర్ల దూరముండుట వింత కాదు. తీగ పొడవు పెరిగినకొలది వోల్టేజి దారిలోనే ఖర్చగును. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగతో 30 మీటర్ల దూరము 16 ఆంపియర్లు పంపినచో పోకకు, రాకకు కలిపి సుమారు 17 వోల్టులు తీగలోనే వేడియై పోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో ఆ నష్టము 7 వోల్టులు. 6 చదరపు మిల్లీమీటర్లదానితో 3 వోల్టులు మాత్రమే. మోటారు లేచునప్పటి సంగతి ఇంకను గొప్పది. నడచునపుడు 11 ఆంపియర్లు చాలిన కంప్రెసరు లేచు క్షణమున దాదాపు ఆరు రెట్లు లాగును. అప్పుడు 2.5 తీగలో సుమారు 27 వోల్టులు, 6 తీగలో 11 వోల్టులు పడిపోవును. సాయంవేళ ఊరంతయు పంకాలు వేసినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చునదే 200 వోల్టులైనచో, అందుండి 27 పోయిన తరువాత మోటారు లేవలేక మూలుగుచు నిలిచి కాలిపోవును. పల్లెలలో మోటార్లు చుట్టువారికి ఏడాది పొడవున పని కల్పించుచున్న కారణములలో ఇది ఒకటి. మోటారు ఒకసారి చుట్టించుటకగు ఖర్చును, సన్నతీగకు, లావుతీగకు గల ధర భేదమును పక్కపక్కన వేసి చూచుకొనువారు తక్కువ.

ఆ తీగ చావిడికి చేరుదారి గూర్చి ఒక మాట. గాలిలో లాగినచో మిరప టిక్కీలు నింపిన ట్రాక్టరు ట్రాలీ, దానిపై నిలిచిన మనిషి తాకనంత ఎత్తున లాగవలెను. కవచముగల కేబులును రెండున్నర అడుగుల లోతున పూడ్చుట అంతకన్న మేలు. చావిడి లోపల తీగలను రేకుల కప్పునకు ఆనించి పోనీయరాదు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికి తెలిసినవే. వైశాఖ మధ్యాహ్నమున ఇనుపరేకు క్రింద తీగపై తొడుగు అసలే కాగియుండును. పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వేడికి మించి ఓర్వదు. పైనుండి ఎండ, లోనుండి విద్యుత్తు రెండును కాల్చినచో అది పెళుసెక్కి పగులును. గోడవెంబడి గొట్టములో పోనిచ్చుట ఉత్తమము. గింజలున్నచోట ఎలుకలుండును గనుక, గొట్టము లేని తీగను అవి బ్రతుకనీయవు.

చావిడికి తన సొంత బోర్డుండవలెను. తలుపు ప్రక్కన, చేయి చాపినంతలో మెయిన్ స్విచ్చి, అందుండి పంపకము. 25 ఆంపియర్ల ఎం.సి.బి. ఇంటివద్ద తీగ మొదట నుండును. చావిడి బోర్డులో దీపములకు 6 ఆంపియర్లది, దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. బల్లపై ప్లగ్గులకు 16 ఆంపియర్లది, దానికి 2.5 తీగ, కంప్రెసరుకు విడిగా 20 ఆంపియర్లది, దానికి 4 తీగ. ఎం.సి.బి. రక్షించునది యంత్రమును గాదు, మనిషిని అంతకన్న గాదు. అది రక్షించునది తన వెనుకనున్న తీగను. కావున మాటిమాటికి పడిపోవుచున్నదని పెద్దది తెచ్చి పెట్టుట, పూర్వము ఫ్యూజులో వెంట్రుకవంటి తీగకు బదులు మేకు దూర్చినదానికి భిన్నము కాదు. కొనునపుడు సి తరగతిది అడుగవలెను. బి తరగతిది మూడు నుండి అయిదు రెట్ల ప్రవాహమునకే పడును గనుక మోటారు లేచినప్పుడెల్ల చికాకు పెట్టును. సి తరగతిది అయిదు నుండి పది రెట్లవరకు సహించును.

దీపముల వలయమును ప్లగ్గుల వలయమునుండి వేరుచేయుట విలాసము కాదు. రాత్రివేళ రంపము ఇరుకుకొని ఎం.సి.బి. పడినచో, దీపము కూడ ఆరిన చీకటిలో ఇంకను తిరుగుచున్న పండ్లచక్రము ముందర మనిషి చేతులు చాపి నిలువవలసివచ్చును.

ఈ విషయమున అన్నింటికంటె ముఖ్యమైనది, అన్నింటికంటె నిర్లక్ష్యమునకు గురియగునది ఎర్తు. కంటికి కనబడని పని గనుక దానికి డబ్బు పెట్టుటకు ఎవరికిని చేయిరాదు. ఎర్తు లేకున్నను దీపము వెలుగును, మోటారు తిరుగును. లోపము తెలియునది ఒక్కసారే. యంత్రము లోపల తీగ తొడుగు అరిగి ఫేజు ఇనుప ఒంటికి తగిలినప్పుడు, ఆ విద్యుత్తు భూమిలోనికి పోవుటకు మనిషికంటె సులువైన దారి చూపుటయే ఎర్తు పని.

రేగడినేలకు ఇందు ఒక ప్రత్యేక గుణమున్నది. తడిసిన రేగడి విద్యుత్తును చక్కగా తీసికొనును. ఇసుకనేలలకు లేని భాగ్యమది. ఆషాఢము నుండి పుష్యము వరకు రెండున్నర మీటర్ల గొట్టము మూడు నాలుగు ఓముల నిరోధమే చూపవచ్చును. కాని అదే రేగడి వేసవిలో కుంచించుకొనిపోయి అడుగుల లోతున నెఱ్ఱెలు విచ్చును. గొట్టమునకు, మట్టికి నడుమ సందు ఏర్పడును. నాలుగు ఓములది ఇరువదియై కూర్చుండును. కార్తీకమున పరీక్షించి బాగున్నదన్న ఎర్తు, చైత్రమున మిరపకాయలు కళ్ళములో ఎండుచుండగా పేరునకు మాత్రమే ఎర్తు.

ఈ ఇరువది ఓముల ఫలితమేమో లెక్కవేసి చూడదగినది. ట్రాన్స్‌ఫార్మరువద్ద నున్న ఎర్తు మరి మూడు ఓములనుకొన్నచో మొత్తము 23. వోల్టులు 230. కావున భూమిలోనికి పారునది 10 ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇది మామూలు బరువే, అది కదలదు. ఎర్తు ఉన్నది, ఎం.సి.బి. ఉన్నది, అయినను గ్రైండరు ఒంటిపై 200 వోల్టులు నిలిచియుండును. చెమటతో, వట్టి కాళ్ళతో దానిని ముట్టుకొనిన మనిషి ఒంటి నిరోధము వేయి ఓముల దరిదాపున నుండవచ్చును. అతని గుండెమీదుగా 200 మిల్లీ ఆంపియర్లు పోవును. ముప్పది మిల్లీ ఆంపియర్లు దాటినప్పటినుండియే గుండె లయ దప్పు అపాయము పొంచియుండును.

ఈ చిక్కునకు విరుగుడు ఆర్.సి.సి.బి. అను ఉపకరణము. దాని తత్త్వము సంతలో గొఱ్ఱెలను లెక్కించు కాపరి తత్త్వమే: పోయినవెన్ని, తిరిగి వచ్చినవెన్ని? ఫేజులో పోయిన విద్యుత్తంతయు న్యూట్రలులో తిరిగిరావలెను. లోటు 30 మిల్లీ ఆంపియర్లయినచో, ఆ లోటు ఎవరి ఒంటిమీదుగా భూమిలోనికి పోవుచున్నదో అని విచారింపక, సెకనులో మూడవవంతు కూడ గడువకముందే అది దారి మూసివేయును. ఇరువది ఓముల వేసవి ఎర్తు సైతము దీనికి చాలును. పది ఆంపియర్లు కాదు గదా, అందులో మూడువందలవ వంతునకే అది పనిచేయును. కార్ఖానాకు దీనిని ఇంటిదానితో కలుపక విడిగా పెట్టవలెను. లేనిచో చావిడిలో చెమ్మగిల్లిన డ్రిల్లువలన వంటయింట దీపమారును. చావిడి న్యూట్రలును ఇంటి న్యూట్రలుతో ఎక్కడను కలుపరాదు. కలిపినచో కాపరి లెక్క తప్పి ఊరకనే పడుచుండును.

అయితే ఇది సర్వరక్షకము కాదు. పొడి చెక్కపై నిలిచి ఒక చేత ఫేజు, మరియొక చేత న్యూట్రలు పట్టుకొనినవానిని ఇది గుర్తింపలేదు. అధికభారమును ఆపుట కూడ దీని పని కాదు, దానికి ఎం.సి.బి. ఉండనే ఉండవలెను. దానిపైనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను.

ఆర్.సి.సి.బి. ఉన్నది గదా అని ఎర్తు మానరాదు. గోడకు ఒకటిన్నర మీటరు ఎడముగా, 38 మిల్లీమీటర్లకు తగ్గని గాల్వనైజు గొట్టము, రెండున్నర మీటర్ల పొడవుది, నిలువుగా పాతి చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. రేగడిలో చోటు ఎన్నుకొనుటయే నేర్పు: నీటితొట్టి పొర్లునీరో, స్నానాలదొడ్డి నీరో పారుచోట పాతిన గొట్టము వేసవిలో సైతము తడి విడువదు. లేనిచో గొట్టము నోట గరాటు పెట్టి, మాఘము మొదలు తొలకరి దాక వారమునకు రెండు బిందెల నీరు పోయవలెను. ఉప్పు గొట్టమును తినివేయును గనుక కొన్ని యేండ్లకొకసారి బిగింపులు విప్పి చూడవలెను. బోరు గొట్టమునకు తీగ చుట్టి అదే ఎర్తు అనుకొనుట పాత అలవాటు. నేటి బోర్లలో చాలవానికి దింపునది ప్లాస్టిక్ గొట్టము. దానికి చుట్టిన తీగ చెట్టుకొమ్మకు కట్టిన ముడుపు వంటిది.

దీనికంటె ఘోరమైనది మరియొకటి. న్యూట్రలు తెగిన రాత్రి లైనుమాను వచ్చుదాక ఆగలేక, దీపముల న్యూట్రలును ఎర్తు తీగకు తగిలించి వెలిగించుకొనుట. అప్పుడు ఎర్తు గొట్టము, దానికి కట్టియున్న ప్రతి యంత్రము, వర్షములో తడిసిన ఆ చుట్టుపట్ల నేల విద్యుత్తుతో నిండును. ఆ దోవను పోవునది చిన్నబిడ్డ కావచ్చును, కట్టు విప్పుకొన్న దూడ కావచ్చును.

పత్తి, మిరపల సంగతి పట్టణముల పుస్తకములలో నుండదు. పత్తి తీతల కాలమున ఇల్లు చాలక బోరెములను చావిడిలోనే పేర్చుదురు. గ్రైండరు రవ్వలు కొన్ని మీటర్ల దూరము ఎగురును. పత్తిలో పడిన రవ్వ వెంటనే మంట కాదు. లోలోపల కుములుచు, మనుష్యులు నిద్రించిన తరువాత గంటలకు బయటపడును. పత్తి ఉన్న గదికి, రవ్వలు లేచు బల్లకు నడుమ కప్పుదాక గోడ ఉండితీరవలెను. గోడ లేనిచో పత్తి అమ్ముడగుదాక గ్రైండింగు, వెల్డింగు బయట చెట్టుక్రింద చేసికొనవలెను. రవ్వలు ఖాళీ గోడవైపు పోవునట్లు గ్రైండరు నిలుపవలెను. పని ముగిసిన పిమ్మట కనీసము అరగంట అక్కడనే కనిపెట్టియుండవలెను. పత్తినూగు, మిరపపొడి బోర్డులలో దూరి పేరుకొనును. కావున బోర్డులు, సాకెట్టులు మూత గలవై యుండవలెను. మోటారు ఒళ్ళంతయు మూసియుండు రకము తీసికొనవలెను. దాని వెనుక పంకా జాలిపై నూగు పట్టినచో మోటారుకు ఊపిరాడదు.

పెట్రోలు ఇంజను గల స్ప్రేయర్లు విప్పునప్పుడు మరియొక ఎరుక కావలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి గుంటలలో నిలుచును. నేలకు జేనెడెత్తున పెట్టిన సాకెట్టులో ప్లగ్గు లాగినప్పుడు పుట్టు చిన్న మెరుపు చాలును. సాకెట్టులను నాలుగడుగుల ఎత్తున బల్లపై వరుసగా పెట్టుటకు ఇది ఒక కారణము. వర్షపునీరు చావిడిలోనికి వచ్చుట మరొకటి. బ్యాటరీలు ఛార్జి చేయుచోటు కిటికీదగ్గర నుండవలెను. వానినుండి వెలువడు హైడ్రోజను పైకి పోవును. క్లిప్పులు తగిలించుటకు, తీయుటకు ముందు ఛార్జరును ఆర్పవలెను.

వెలుతురునందు సైతము ఒక మాయ కలదు. చోకు గల ట్యూబులైటు సెకనుకు 100 మార్లు వెలిగి తగ్గుచుండును; కంటికి తెలియదు. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు లేతు చక్కునకు నాలుగు దవడలున్నచో, సెకనుకు 25 చుట్లు, నాలుగింటలు 100. ప్రతి వెలుగునకు ఒక దవడ అదే చోటికి వచ్చును గనుక చక్కు ఆగియున్నట్లే కనబడును. నూనె పోయబోయిన చేయి ఏమగునో చెప్పనక్కరలేదు. మంచి రకపు ఎల్.ఇ.డి. దీపములలో ఈ మినుకు చాల తక్కువ. యంత్రముపై అట్టి దీపమొకటి వేరుగా నుండుట మేలు.

కరెంటు పోవుట, వచ్చుట పల్లెలకు కొత్త కాదు. రంపము తిరుగుచుండగా కరెంటు పోయినది; పనివాడు స్విచ్చి ఆర్పుట మరచి కాఫీకి పోయినాడు; పిల్లవాడు బల్ల ఎక్కి ఆడుచున్నాడు; కరెంటు వచ్చినది. ఇందులకే స్థిరయంత్రములకు మామూలు స్విచ్చి గాక స్టార్టరు పెట్టవలెను. కరెంటు పోయినప్పుడు దాని కాయిలు విడిచిపెట్టును. మరల పచ్చమీట నొక్కినగాని యంత్రము లేవదు. పొలము మోటార్ల వద్ద ఇట్టి స్టార్టర్లు రైతులందరు ఎరిగినవే. ఎరిగియు, అవి పడిపోకుండ పుల్ల గ్రుచ్చుట కూడ వారు ఎరుగుదురు. కార్ఖానాలో ఆ విద్య వలదు.

పొలము సర్వీసు ప్రస్తావన వచ్చినది గనుక, 2004 నుండి వ్యవసాయమునకు ఉచితముగా ఇచ్చుచున్న ఆ విద్యుత్తును కార్ఖానాకు మళ్ళించుట తగదు. అది నిర్ణీత గంటలలోనే వచ్చునది, పైగా నేరము. ఇంటి సర్వీసుపై భారము పెరుగునపుడు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టి అదనపు భారము వ్రాయించుకొనవలెను. పొరుగువారి పనులు కూలికి చేయువారు ఏ తరగతి సర్వీసు కావలెనో అచ్చటనే అడిగి తెలిసికొనవలెను. పాత రకపు వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు ఇంటి సింగిల్ ఫేజు తీగకు తగినది కాదు. అది వెలిగినప్పుడెల్ల వీధి దీపములన్నియు కన్నుగీటును. దానికి త్రీఫేజు సర్వీసు తీసికొనవలెను, లేదా చిన్న ఇన్వర్టరు సెట్టుతో సరిపెట్టుకొనవలెను. అదియు అయిదారువేల వాట్లు లాగగలదు గనుక పై 25 ఆంపియర్ల లెక్కలో చేర్చి చూడక కొనరాదు.

తెలుగున శాస్త్రగ్రంథములు రావలెనని కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. ఈ సీమలోనే వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము వెలసినది. అంతటి చరిత్ర గల చోట సైతము గ్రంథాలయములలో నవలల బీరువా తలుపు అరుగుచున్నది గాని శాస్త్రముల బీరువా తలుపు అరుగుటలేదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి 732వ నంబరు ప్రమాణము ఇండ్ల వైరింగును, 3043వది ఎర్తును వివరించును; గ్రామ గ్రంథాలయమున ఈ రెండు ప్రతులుండుట అవసరము.

ఇదంతయు తెలిసికొనుట సొంతముగా తీగలు లాగుటకు గాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములు మొదలు 2023లో వెలువడిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలవరకు, ఇట్టి పని అర్హతగల లైసెన్సుదారుచేతనే చేయింపవలెనని చెప్పుచున్నవి. యజమాని పని, కాగితముపై లెక్క వేయుట, చేసినదానిని పరీక్షింపజేయుట. కరెంటు ఇచ్చుటకు ముందు మెగ్గరుతో తొడుగుల పటుత్వము చూపింపుమని అడుగవలెను. ఒక మెగోముకు తగ్గినచో ఎక్కడనో లోపమున్నది. ఎర్తు నిరోధమును వేసవి నడిమధ్య కొలిపింపవలెను, వర్షాకాలమున గాదు. ఏ ఎం.సి.బి. దేనిదో తెలుగున వ్రాసి బోర్డు మూత లోపల అంటింపవలెను. ఇంటి ఆడవారికిని, పెద్దపిల్లలకును తలుపు ప్రక్కనున్న మెయిన్ స్విచ్చిని చూపించి, ఎవరైన విద్యుత్తుకు చిక్కినచో మనిషిని ముట్టక మొదట దానిని క్రిందికి లాగవలెనని, అది అందనిచో పొడికర్రతో తీగను త్రోయవలెనని నేర్పి, ఒకసారి వారిచేతనే లాగించి చూడవలెను.